వించ్ యంత్రమునకు తీగలేని రిమోటు: మన సంఘములకు తగునా?

కాలువలకు నీరు వదలిన పిమ్మట మన పల్లెలలో ట్రాక్టరుకు విరామ ముండదు. కోస్తా జిల్లాలలో దమ్మనియు, తెలంగాణమున కరిగెటయనియు పిలుచు పని కొలది దినములలోనే ముగియవలెను. నారు ముదురుచుండును, కుదిరిన కూలీలు ఆ దినము తప్పినచో మఱల దొరకుట దుర్లభము. ఇట్టి తొందరలో ట్రాక్టరు ఊబిలో దిగబడినచో రైతునకు కలుగు ఆతురత మాకు తెలియనిది కాదు. అయితే దిగబడిన ట్రాక్టరు వలన పోవునది ఒక పూట పని మాత్రమే. దానిని లాగుటలో జరుగు పొరపాటు వలన పోవునది మనిషి ప్రాణము. ఈ రెంటికి గల భేదమును మన సభ్యులు తగినంతగా గుర్తింపలేదని మా అభిప్రాయము.

ఇటీవల కొన్ని గ్రామములలో, కొండదారుల బండ్లకు అమర్చు కరెంటు వించ్ యంత్రములను ట్రాక్టరులను పైకి లాగుటకు తెప్పింపవచ్చునా యను మాట వచ్చుచున్నది. ఆ యంత్రములతోపాటు చేతిలో ఇముడు తీగలేని రిమోటు కూడ వచ్చును. దానినిగూర్చి మమ్ము ప్రశ్నించువారు రెండు తెగలుగా నున్నారు. ఇది షోకు వస్తువని త్రోసివేయువారు కొందఱు. మీట నొక్కినచో పని దానంతట అదియే జరిగిపోవునని మురియువారు మఱికొందఱు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. ఆ రిమోటు విలువ యెక్కడ నున్నదో, ఎక్కడ లేదో విడమఱచి చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా ఇప్పుడు జరుగుచున్న పద్ధతిని చూతము. బండి దిగబడగానే డ్రైవరు వెనుక చక్రముల యెదుట ఒక దుంగను గట్టిగా కట్టి, దానిమీదికి ఎక్కింప జూచును. చక్రము దుంగను దాటలేక ఆగిపోయిన క్షణమున ఇంజను బలమంతయు ముందుభాగమును పైకెత్తుటకు వినియోగపడును. ట్రాక్టరు వెనుకకు తిరుగబడుటకు ముక్కాలు సెకను చాలును. ఆపై డ్రైవరు క్లచ్చి త్రొక్కినను అది తిరిగి రాదు. రెండు సెకనులు నిండకముందే బండి అతని మీద పడును. మనిషి కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు కదలునంతలోనే అంతయు ముగిసిపోవును. అందుచేత ఎంత నేర్పరియైన డ్రైవరైనను ఈ విషయమున నేర్పును నమ్ముకొనరాదు.

రెండవ పద్ధతి, మఱియొక ట్రాక్టరునకు గొలుసు వేసి లాగించుట. గొలుసును క్రిందనున్న డ్రాబారునకు గాక పైలింకు కమ్మికిగాని ఇరుసునకుగాని తగిలించినచో లాగు బండి కూడ పైన చెప్పినట్లే వెనుకకు లేచును. డ్రాబారునకే తగిలించినను, డ్రైవరు బండిని ముందుకు ఉరికించి ఒక్క కుదుపుతో లాగ జూచునప్పుడు గొలుసుమీద పడు భారము దాని బలమునకు మించిపోవును. తెగిన గొలుసు ముక్క ఏ దిక్కున పోవునో ఎవరికిని తెలియదు. ఇంతలో నలుగురు కూలీలు చక్రముల ప్రక్కన నిలిచి భుజము లానించి నెట్టుచుందురు. గట్టుమీద పిల్లలు గుమికూడి చూచుచుందురు. ఈ దృశ్యమును మనము ఏటేట చూచుచునే యున్నాము. అలవాటైపోవుటచే అందులోని అపాయము మనకు కానవచ్చుట లేదు.

వించ్ పద్ధతి ఇందుకు భిన్నమైనది. ఇందులో లాగు బండి గట్టుమీద కదలక నిలిచియుండును. డ్రమ్మునకు చుట్టిన మోకు మెల్లమెల్లగా చుట్టుకొనును. నిండు భారము మీద నిమిషమునకు ఒకటి రెండు మీటర్లకంటె ఎక్కువ సాగదు. కుదుపు లేదు, ఉరికించుట లేదు. కపిల తోలిన పెద్దలకు మోకు, గిలక, నిదానపు లాగుడు క్రొత్తవి కావు. ఆంగ్లదేశమున జాన్ ఫౌలర్ అను నతడు ఆవిరి యంత్రమును చేను గట్టున నిలిపి, మోకుతో నాగలిని లాగించి, 1858లో అచ్చటి రాయల్ వ్యవసాయ సంఘమువారి 500 పౌనుల బహుమతిని పొందెను. బరువైన యంత్రము చేనిలోనికి దిగి మట్టిని అణగద్రొక్కకుండుటయే ఆ పద్ధతిలోని గొప్ప. తరువాత రెండు యంత్రములను చేనికి చెరియొక గట్టున నిలిపి దున్నినప్పుడు, ఒక గట్టు మనిషి రెండవ గట్టు మనిషికి యంత్రపు ఈల ఊది సంకేతము చేయువాడు. దూరమునుండి మోకును నడిపించు సమస్య నాడే పుట్టినదని దీనివలన తెలియుచున్నది. మోటారు బండ్ల విషయమున, అమెరికాలో 1948లో స్థాపింపబడిన వార్న్ కంపెనీవారు 1959లో కరెంటు వించ్‌ను విక్రయమునకు తెచ్చిరి. జీపుల వంటి బండ్లు బురదలో చిక్కినప్పుడు తమ బ్యాటరీ బలముతోనే బయటపడుటకు అట్టి యంత్రములు ఆధారమయ్యెను.

ఇక రిమోటు సంగతి. వించ్‌తో సాధారణముగా వచ్చు మీటకు తీగ యుండును. ఆ తీగ పొడవు మూడున్నర మీటర్లు మొదలు నాలుగు మీటర్ల వఱకే యుండును. మోకు పొడవో పాతిక మీటర్లు మొదలు ముప్పది మీటర్ల వఱకు నుండును. అనగా మోకు బిగిసియున్నంతసేపును మీట పట్టుకొన్న మనిషి యంత్రమునకు నాలుగు మీటర్ల లోపుననే నిలువవలెను. మోకు తెగినచో, కొక్కెము జాఱినచో, బిగువున నిలువయైన బలమంతయు ఒక్కమాఱుగా విడుదలయగును. అప్పుడు మోకు కొస కొరడావలె వెనుకకు కొట్టును. అది చేరదగిన చోటునందే మీట మనిషిని నిలువబెట్టుట తీగలోని లోపము.

తీగలేని రిమోటు ఈ లోపమును తీర్చును. చేతిలోని చిన్న పెట్టె రేడియో తరంగములద్వారా సంకేతమును పంపును. అనేక నమూనాలు 433 మెగాహెర్ట్జ్ తరంగమును వాడును. వించ్ వద్దనున్న మఱియొక పెట్టె ఆ సంకేతమును గ్రహించి, మోటారునకు కరెంటు పంపు కాంటాక్టరును కలుపును. మీట వదలగానే విడదీయును. మాయ ఏమియు లేదు. 19వ శతాబ్ది చివరి దశకమున మన జగదీశచంద్ర బోసుగారు కలకత్తాలో గోడల కావలనున్న గంటను తీగ లేకయే మ్రోగించి, మందుగుండును పేల్చి చూపిరి. 1898లో టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగ లేకయే నడిపించి చూపెను. నేటి రిమోటు ఆ విద్యకు మనుమరాలు. దీని సంకేతము మామూలుగా పదునైదు మీటర్లు మొదలు ముప్పది మీటర్ల వఱకు అందును. కనుక మీట మనిషి మోకు దారికి ప్రక్కగా, దూరముగా, గట్టునున్న చెట్టు చాటున నిలిచి పని నడిపింపవచ్చును.

ఇచ్చట మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట యొకటి కలదు. మన రైతులకు దూరపు మీట క్రొత్త కాదు. సెల్లుఫోనుతో పొలములోని మోటారును ఇంటినుండియే ఆడించు స్టార్టరులు ఎన్నో గ్రామములలో నున్నవి. రాత్రివేళ పాములకు, తేళ్లకు వెఱచుచు పొలము పోవు శ్రమను అవి తప్పించినవి. అది గొప్ప మేలు. అందుచే వించ్ రిమోటును కూడ అట్టిదే యని తలచువారు కలరు. అది పొరపాటు. మోటారు రిమోటు అచ్చటికి పోకుండుటకై యేర్పడినది. వించ్ రిమోటు అచ్చటనే యుండి, తగిన చోట నిలిచి, అంతయు కన్నులార చూచుటకై యేర్పడినది. ఒకటి కంటికి మాఱుగా పనిచేయును. రెండవది కంటికి తోడుగా పనిచేయును. గట్టుమీద ముచ్చటలాడుచు, ఫోను చూచుచు, జేబులో చేయి పెట్టి మీట నొక్కు వానికి తీగలేని రిమోటు తీగకంటె అధికమైన అపాయమును తెచ్చును. తీగ యున్నప్పుడు వాడు యంత్రము దగ్గఱనే యుండి డ్రమ్ముమీద మోకు ఎట్లు చుట్టుకొనుచున్నదో చూచును. తీగ పోయిన తరువాత చూచు బాధ్యత అతని మనస్సుమీదనే యాధారపడును. మనస్సు చెదరినచో ఆ బాధ్యతను మోయువారు మఱియెవ్వరును లేరు.

రిమోటునకు స్వతస్సిద్ధమైన లోపములును కలవు. వానిని దాచుట ధర్మము కాదు. అందులోని చిన్న బ్యాటరీ నీరసించినచో సంకేతము దూరము పోదు. బురద, వాన నీరు లోనికి దిగినచో మీట అంటుకొనును. నడుమ ట్రాక్టరు ఇనుప గుల్ల అడ్డమైనచో సంకేతము తగ్గును. చౌక రకములలో సంకేతపు గుర్తు మాఱక ఒక్కటే యుండును. ఒకే తీరు రిమోటులు రెండు దగ్గఱగా నున్నచో ఒకరి మీట రెండవవారి యంత్రమును కదల్చు అవకాశ ముండును. అన్నిటికంటె ముఖ్యమైనది: పెద్ద కరెంటు పాఱునప్పుడు కాంటాక్టరు బిళ్లలు కాలి ఒకదానికొకటి అతుకుకొనవచ్చును. అట్లయినచో మీట వదలినను వించ్ ఆగదు. రిమోటును విసరివేసినను ఆగదు. అందుచేత బ్యాటరీకిని వించ్‌కును నడుమ చేతితో త్రిప్పు కటాఫ్ స్విచ్ తప్పనిసరిగా నుండవలెను. కటాఫ్ స్విచ్ లేని వించ్‌కు తీగలేని రిమోటు పెట్టుట ముకుత్రాడు లేని యెద్దును బండికి కట్టుటతో సమానము.

బలము లెక్కను కూడ ప్రతి సభ్యుడును తెలిసికొనవలెను. బురదలో చిక్కిన బండి ఎంత ఎదురు లాగునో సైనికుల బండ్లను బయటకు తీయువా రొక లెక్కను ఏర్పఱచుకొనిరి. చక్రపు నడిబొడ్డు వఱకు దిగినచో బండి బరువునకు సమానమైన లాగుడు కావలెను. బొడ్డు దాటి మడ్‌గార్డు వఱకు దిగినచో రెండింతలు, అంతకు మించి దిగినచో మూడింతలు కావలెను. మన ట్రాక్టరు రెండు టన్నులనుకొందము. బొడ్డు వఱకు దిగినచో రెండు టన్నుల లాగుడు, మడ్‌గార్డు వఱకు దిగినచో నాలుగు టన్నుల లాగుడు అవసరము. అంగడిలో 9,500 పౌనులు, అనగా సుమారు 4,300 కిలోల శక్తి గలదని చెప్పు వించ్ దీనికి సరిపోవునట్లు తోచును. కాని ఆ శక్తి డ్రమ్ముమీద మొదటి పొర చుట్టు మాత్రమే మిగిలియున్నప్పటి లెక్క. పొర పెరిగినకొలది శక్తి తగ్గును. నాలుగవ పొరకు వచ్చుసరికి పలు నమూనాలలో మూడవ వంతుకు దగ్గఱగా తగ్గిపోవును. కావున మోకును ఎక్కువగా వదలి లాగుట మేలు. అంతటితో చాలనిచో మోకును దిగబడిన బండి వద్దనున్న గిలకగుండ త్రిప్పి తెచ్చి గట్టునందే కట్టినచో లాగుడు ఇంచుమించు రెండింతలగును, వేగము సగమగును. అప్పుడు గిలకను పట్టియున్న కొక్కెము మీద మోకుమీది బిగువునకు రెండింతలు పడునని మఱువరాదు. లాగుటకు ముందు చక్రముల యెదుట, అడుగున పేరుకొనిన బురదను పారతో తీసివేయుట, వచ్చిన జాడవెంటనే వెనుకకు లాగుట మంచి పద్ధతులు. పది నిమిషముల పార పని టన్ను లాగుడును తగ్గింపగలదు.

బ్యాటరీ సంగతియు నిట్టిదే. ఈ తరగతి వించ్ నిండు భారముమీద నాలుగు వందల ఆంపియర్ల వఱకు త్రాగును. మన ట్రాక్టరు ఆల్టర్నేటరు ఇచ్చునది అందులో పదవ వంతునకు కొంచెము అటునిటుగా నుండును. తక్కినదంతయు బ్యాటరీయే ఇయ్యవలెను. అందుచేత ఇంజనును ఆడనిచ్చుచు, అర నిమిషమో ముప్పావు నిమిషమో లాగి, ఆపి, మోటారు చల్లాఱనిచ్చి, మఱల లాగవలెను. రిమోటు చేతిలో నుండుటచే మీట అదేపనిగా నొక్కిపట్టు చాపల్యము కలుగును; దూరమున నున్నవానికి మోటారు వేడి తెలియదు, వాసన తగులదు. ఇది దూరముగా నిలుచుటకు చెల్లింపవలసిన వెల. కావున ఒకరు ఆగిన ప్రతిసారియు కరెంటు తప్పించి దగ్గఱకు పోయి డ్రమ్మును, మోటారును చూచి రావలెను.

మోకు ఎట్టిది యుండవలెనను ప్రశ్నకూడ వచ్చును. ఉక్కు మోకు రాపిడికి ఓర్చును. కాని బరువు, తెగినప్పుడు కొట్టు దెబ్బ రెండును ఎక్కువ. దాని తెగిన పోగులు సూదులవలె అరచేతిలో దిగును. సింథటిక్ త్రాడు అదే బలమున చాల తేలిక. తెగినను దెబ్బ తక్కువ. అయితే ఇసుక, బురద రేణువులు దాని పోగులలో చేరి లోలోపల కోయును, ఎండ దానిని బలహీనపఱచును. దమ్ము చేలలో వాడువారు ప్రతి పనికి తరువాత మంచినీటితో కడిగి, నీడను ఆఱవేసి చుట్టవలెను. ఆ ఓపిక గలచోట సింథటిక్ త్రాడే మేలని మా సలహా. ఆ ఓపిక లేనిచోట ఉక్కు మోకే యుండనిండు.

ఇక సంఘము ఈ యంత్రమును తెచ్చుకొన్నచో ఈ క్రింది నియమములను తీర్మానముగా వ్రాసి, గోడకు అంటించి, అమలుపఱుపవలెనని మేము కోరుచున్నాము.

1. రిమోటు ఒక్క మనిషి చేతిలోనే యుండవలెను. ఆజ్ఞ ఇచ్చువాడును అతడే. ఇతరులు “ఆపు” అను ఒక్క మాట మాత్రమే చెప్పవచ్చును. ఆ మాట పసిపిల్ల చెప్పినను అతడు మీట వదలవలెను.

2. మోకు బిగియుటకు ముందే జనులందఱును మోకు పొడవునకు ఒకటిన్నర రెట్లు దూరముగా, మోకు దారికి ప్రక్కగా తొలగవలెను. మీట మనిషియు ఆ దూరమునకు సంకేతము అందునంతవఱకు పోయి నిలువవలెను. సంకేతము చాలనప్పుడు దూరమును తగ్గించి దగ్గఱకు రాక, చెట్టు చాటునో బండి చాటునో చూచుకొనవలెను. గిలక వాడినప్పుడు మోకు వంపు లోపలిభాగమున ఎవరును నిలువరాదు.

3. బిగిసిన మోకును దాటరాదు. దానిమీద చేయి వేయరాదు. మోకు నడుమ తడిపిన గోనెసంచులను రెంటిని బరువుగా వేయవలెను. మోకు తెగినచో అవి దానిని క్రిందికి అణచును.

4. కొక్కెమును తగిలించునప్పుడు, గిలకను సరిచేయునప్పుడు, డ్రమ్ము దగ్గఱకు పోవునప్పుడు కటాఫ్ స్విచ్ త్రిప్పి కరెంటు తప్పింపవలెను. రిమోటును జేబులో నుంచుకొని మోకును ముట్టరాదు. వంగినప్పుడు జేబులోనే మీట నొక్కుకొనిపోవును. మోకును ముట్టువారు తోలు చేతొడుగులు లేక ముట్టరాదు.

5. డ్రమ్ముమీద ఉక్కు మోకు కనీసము ఐదు చుట్లు, సింథటిక్ త్రాడు ఎనిమిది మొదలు పది చుట్లు మిగిలియుండవలెను. యంత్రముతో వచ్చిన పుస్తకము అంతకంటె ఎక్కువ చెప్పినచో దానినే పాటింపవలెను.

6. లాగు బండి చక్రములకు అడ్డుకఱ్ఱలు వేసి, దాని వెనుకభాగమును చింతచెట్టువంటి బలమైన మ్రానుకు వెడల్పు పట్టాతో కట్టవలెను. చెట్టు లేనిచోట పెద్ద దుంగను అడ్డముగా లోతున పాతి దానికి కట్టవలెను. సన్నని మోకును చెట్టు చుట్టు చుట్టినచో చెట్టు బెరడును, మోకును రెంటిని పాడుచేయును.

7. దిగబడిన బండిలో డ్రైవరు తప్ప ఎవరును ఉండరాదు. చక్రముల ప్రక్కన నిలిచి భుజముతో నెట్టు ఆచారము వించ్ వచ్చిన నాటినుండి మానవలెను. కరెంటు స్తంభముల తీగల క్రింద, స్తంభపు ఆధారపు తీగకు కట్టి, పని చేయరాదు.

8. తీగ మీటను ఎల్లప్పుడు పెట్టెలో సిద్ధముగా నుంచవలెను. రిమోటు చెడినప్పుడు అదియే ఆధారము. పని ముగియగానే రిమోటు బ్యాటరీని తీసి, కరెంటు తప్పించి, రెంటిని సంఘపు గుమాస్తాకు ఒప్పగింపవలెను.

వీనికి తోడు ఇంకొక నిషేధము కలదు. దానిని వరుసలో చేర్చక విడిగా చెప్పుచున్నాము, ఏలయన మఱువరానిది. బండి వించ్ లాగుటకే చేయబడినది, ఎత్తుటకు కాదు. దాని బ్రేకు మనిషి బరువును గాలిలో నిలుపుటకు తగినది కాదని తయారుచేయువారే పుస్తకములలో వ్రాయుచున్నారు. బావిలో పూడిక తీయుటకు ఈ యంత్రము చేతనున్నది గదా యని, తొట్టిలో మనిషిని కూర్చుండబెట్టి రిమోటుతో దించుట ఘోరమైన తప్పిదము. బావి అడుగున నున్నవానికి మీట కనబడదు. పైనున్నవానికి మనిషి కనబడడు. కన్ను లేని చోట ఈ రిమోటునకు చోటు లేదని పైన చెప్పితిమి. ఈ సందర్భమున ఆ మాట నూఱు రెట్లు నిజము.

ఇక ఆక్షేపణలకు వత్తము. “ఇది కొండలెక్కు జీపుల షోకు, బీదరైతునకు ఏల?” యని కొందఱు అందురు. షోకుగా వాడువారున్నంత మాత్రమున వస్తువు షోకు వస్తువు కాదు. సైకిలును షికారునకు వాడువారు కలరు. పాల బిందెలు మోయువారు కలరు. “మా ట్రాక్టరే చాలును, గొలుసు వేసి లాగుకొందుము” అని మఱికొందఱు అందురు. నిజమే, తేలికగా దిగినప్పుడు డ్రాబారునకు పట్టా కట్టి, కుదుపు లేక నెమ్మదిగా లాగిన పని తీఱును. కాని లోతుగా దిగినప్పుడు లాగబోయిన బండియు దిగబడుట మీలో ఎందఱు చూడలేదు?

ఖర్చును గూర్చిన ఆక్షేపణ సరియైనది. ఒక్కొక్క రైతు ఏడాదికి రెండు మూడు మాఱులు పనికివచ్చు యంత్రమును కొనుట అవివేకము. అందుకు అప్పు చేయుట అంతకంటె అవివేకము. అందుకే ఇది సంఘము పని. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము ఒంటరిగా అప్పు పుట్టని రైతులకు కలిసికట్టున పరపతి కల్పించెను. ఒంటరిగా కొనలేని పనిముట్టును కలిసి కొనుట అందుండి పుట్టు సహజమైన రెండవ మెట్టు. యంత్రములను అద్దెకిచ్చు కేంద్రములకు సహాయము చేయుటకై కేంద్ర ప్రభుత్వము 2014-15లో ఒక పథకమును ప్రారంభించెను. ఈ యేడు ఏ పథకము క్రింద ఏ సహాయము దొరకునో కార్యదర్శిగారు మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనవలెను. సహాయము దొరకనిచో, కరెంటు అక్కఱలేక చేతితో మీట ఆడించి మోకును లాగు చేతిమరయు అంగడిలో దొరకును. అది నిదానము, శ్రమ ఎక్కువ, మనిషి దగ్గఱనే నిలువవలెను. అయినను కుదుపు గొలుసుకంటె మేలు. ధనము చాలనిచోట మొదట దానితో ప్రారంభించుట తప్పు కాదు.

బండికి వించ్ అమర్చుటకు ముందు రవాణా కార్యాలయమును అడిగి తెలిసికొనుట మంచిది. తయారుచేసినవారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను కట్టడిచేయుచున్నది. జీపునకు ముందు భాగమున ఇనుప కమ్మి వెడలి యుండునట్లు బిగించి రోడ్డుమీద తిరిగినచో దారిన పోవువారికి గాయము, యజమానికి జరిమానా తప్పవు. పని యున్నప్పుడు తగిలించి, లేనప్పుడు విప్పివేయదగు పలకమీద అమర్చుకొనుట సంఘమునకు అనుకూలము. ఒకే వించ్ అనేక బండ్లకు పనికివచ్చును.

“కుఱ్ఱవాండ్ర చేతికి రిమోటు ఇచ్చినచో ఆటగా మార్తురు” అను ఆక్షేపణ మాత్రము మేము తేలికగా తీసివేయజాలము. కుఱ్ఱవాండ్రకు యంత్రము త్వరగా పట్టుపడును. ఓర్పు ఆలస్యముగా పట్టుపడును. పెద్దలకు ఓర్పు కలదు. మీటలన్న బెదురు కలదు. కావున ప్రతి సంఘమును ఇద్దఱిని ఎన్నుకొనవలెనని మా సలహా: కపిల మోకు బిగువు చూచి ఎఱిగిన పెద్ద ఒకరు, మోటారు పని తెలిసిన యువకు డొకరు. రిమోటు యువకుని చేత, “ఆపు” అను మాట పెద్దవాని నోట నుండవలెను. దమ్మునకు ముందు, పొడి నేలమీద, ఖాళీ బండిని లాగుచు వారిరువురును పలుమాఱులు అభ్యసింపవలెను. దిగబడిన దినముననే పెట్టె విప్పి నేర్చుకొన జూచుట పెండ్లినాడు మంగళసూత్రమునకు బంగారము వెదకినట్లుండును.

ఈ సలహాలను విన్న పిదపయు కొందఱు సభ్యులకు, “ఇన్ని నియమములా! దీనికంటె దుంగ కట్టుటయే సులువు” అని తోచవచ్చును. నిజమే, దుంగ కట్టుట సులువు. దానికి నియమములు లేవు. అందుచేతనే అది ప్రాణములు తీయుచున్నది. వించ్ కట్టుటకు అర గంట ఎక్కువ పట్టును. ఆ అర గంటలో కూలీలు గట్టెక్కుదురు, పిల్లలు దూరము పోవుదురు, డ్రైవరు ఊపిరి పీల్చుకొనును. పని తొందరలో మనము మొదట పోగొట్టుకొనునది ఆలోచన. ఈ అర గంట దానిని మనకు తిరిగి యిచ్చును.

కావున వచ్చు సర్వసభ్య సమావేశమున కార్యవర్గమువారు ఈ విషయమును చర్చకు పెట్టవలెననియు, కొనుటకు నిశ్చయించినచో తీగ మీట, తీగలేని రిమోటు, కటాఫ్ స్విచ్, గిలక, వెడల్పు పట్టా, తోలు చేతొడుగులు అను ఆఱింటిని ఒక్క సెట్టుగానే కొనవలెననియు, వీనిలో ఏ ఒక్కటి లేకున్నను యంత్రమును అద్దెకు ఇయ్యరాదనియు మా మనవి. రిమోటు ఒక్కటియే చూచి మురిసి తక్కినవి మానినచో కొనకుండుటయే మేలు.